మా యింటి ఉప్పునీటి తొట్టి

మంగళసూత్రమునకు ప్రక్కన కూర్చుకొను పగడము ఒక రాయి యని నేను పెండ్లియైన పదునాలుగేండ్లవరకు తలంచియుంటిని. అది రాయి కాదనియు, సముద్రగర్భమున ప్రాణముతో నుండిన సన్నని జీవులు కట్టుకొనిన గూడనియు నాకు తెలిపినది మా అమ్మాయి. అప్పటికి దానికి పన్నెండేండ్లు. ఆ మాటతో మొదలైన పని మా యింటిలో ఎంతవరకు పోయెనో, దానివలన నేను నేర్చినదేమో మీతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది గుంటూరునకును చిలకలూరిపేటకును నడుమనున్న పల్లె. నల్లరేగడి నేల. ప్రత్తి, మిరప మా పంటలు. సముద్రము మాకు మిక్కిలి దూరము కాకున్నను మా బ్రతుకులలో దానికి చోటు లేదు. కార్తికమాసమున ఒకనాడు బాపట్ల దాటి సూర్యలంకకు పోయి, స్నానముచేసి, ఇసుకలో కూర్చుండి పులిహోర తిని తిరిగి వచ్చుటతో సరి. 2021 కార్తికమున అట్లు పోయినపుడు అమ్మాయి ఒక గవ్వను చేతబట్టుకొని, “అమ్మా, ఈ సముద్రాన్ని కొంచెం మనింటికి తీసుకుపోవచ్చునా?” యని యడిగెను. నేను నవ్వి యూరకుంటిని.

మా మామగారు జీవించియుండగా ముందరిగదిలో ఒక పెద్ద గాజుతొట్టి కట్టించిరి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. దానిలో బంగారుచేపలను పెంచుచుండిరి. సాయంకాలము పొలమునుండి వచ్చి, కాళ్లు కడుగుకొని, దాని యెదుట కూర్చుండుట ఆయనకు వాడుక. ఆయన పోయిన తరువాత చేపలును ఒకటొకటే పోయెను. 2022 వేసవినాటికి తొట్టి అడుగున గులకరాళ్లు తప్ప మరేమియు లేవు. దానిని అమ్మివేయుదమని మావారనిరి. అత్తగారు ఔననలేదు, కాదనలేదు. అప్పుడు అమ్మాయి సూర్యలంకలో నడిగిన ప్రశ్నను మరల నడిగెను.

అది ఎట్టి సంవత్సరమో మీకు చెప్పవలెను. 2021 చివర మా ప్రాంతపు మిరపతోటలపై క్రొత్తరకపు నల్లతామరపురుగు పడెను. అది పూవులో దూరి రసము పీల్చును. పూత రాలిపోవును. ఎన్నిమారులు మందు కొట్టినను లొంగలేదు. అనేకులు తోటలను పీకివైచిరి. మాకును అప్పులే మిగిలినవి. అట్టి సమయమున నేను పాలమ్మి రెండేండ్లు కూడబెట్టిన సొమ్ము తీసి తొట్టికి పెట్టెదననగా అత్తగారు, “ఏమమ్మా, తోట ఎండిపోయిన ఇంట్లో సముద్రం పెంచుతావా?” యనిరి. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేదు. కాని ఆ యేడు మాయింట నవ్వుమాట వినబడుట మానిపోయెను. బిడ్డకైనను ఒక యాస యుండవలెనని నాకు తోచినది. “మామయ్యగారి తొట్టి కదా, ఖాళీగా ఉంచడం నాకు ఇష్టంగా లేదు” అంటిని. ఆమె మరి మాటాడలేదు.

మొదట గులకరాళ్లను తీసివేసితిమి. బంగారుచేపలకు తెల్లమచ్చల తెగులు వచ్చినపుడు మామగారు రాగి కలిసిన మందు వాడియుండిరి. ఆ రాగి రాళ్లలో నిలిచియుండి మెల్లమెల్లగ నీటిలోనికి దిగునట. చేప కొంత ఓర్చుకొనును గాని రొయ్య, నత్త, పగడపుజీవి రవంత రాగికైనను ఓర్వవు. తొట్టిక్రింది ఇనుపబల్లకు ఉప్పుగాలికి త్రుప్పు పట్టునని దానిని తీసి ఇటుకదిమ్మె కట్టించితిమి. నీరే అయిదున్నర క్వింటాళ్ల బరువు, దానిపై రాళ్లును గాజును. విద్యుత్తు తీగలనన్నిటిని క్రిందికి వ్రేలాడి మరల పైకి పోవునట్లు అమర్చితిమి. తీగవెంట జారిన ఉప్పునీరు అట్లు చేసిన క్రిందనే బొట్టుగా రాలును గాని గోడలోని మీటవరకు పోదు.

సూర్యలంకనుండి డబ్బాలతో నీరు తెచ్చిన చాలదా యని మీరనవచ్చును. నేనును అట్లే యనుకొంటిని. మా పినతల్లి కుమారుడు చీరాల దాపున రొయ్యపిల్లల నుత్పత్తిచేయు కేంద్రములో పనిచేయును. ఒడ్డునీటిలో బురదయు, మురుగును, రోగపుసూక్ష్మజీవులును ఉండుననియు, తాము దానిని వడగట్టి, శుద్ధిచేసిన పిమ్మటగాని వాడమనియు అతడు చెప్పెను. “పోనీ, మన చినగంజాము ఉప్పు కలిపితే?” నంటిని. చినగంజాము ఉప్పుమళ్లు మన ప్రాంతమున పేరుపడినవే కదా! పూర్వము ప్రకాశము జిల్లాలోనిదైన యీ యూరు 2022 నుండి బాపట్ల జిల్లాలో చేరినది. అతడు నవ్వి, “అక్కా, ఉప్పు వేరు, సముద్రం వేరు” అనెను.

ఈ మాట వివరింపదగినది. లీటరు సముద్రపునీటిలో సుమారు 35 గ్రాముల లవణములుండును. అందు నూటికి 85 పాళ్లు మనము వంటలో వాడు ఉప్పే. మిగిలిన పాళ్లలో మెగ్నీషియము, సున్నపుధాతువైన కాల్షియము మొదలగునవి కలవు. ఉప్పుమళ్లలో నీటిని ఒక మడినుండి వేరొక మడికి పారించుచు ఎండబెట్టుదురు. నీరు చిక్కబడినకొలది మొదట సున్నపుపదార్థమును, పిమ్మట జిప్సమును అడుగున దిగిపోవును. తరువాతి మడిలో ఉప్పు గడ్డకట్టును. మెగ్నీషియము నిండిన చేదునీటిని కడకు పారబోయుదురు. అందువలననే ఉప్పు మన నాలుకకు కమ్మగ నుండును. కాని గుల్ల కట్టుకొను జీవికి కావలసిన సున్నము ముందే పోయినది, చేదు వెనుక పోయినది. కనుక ఆవకాయకు పనికివచ్చు ఉప్పు తొట్టికి పనికిరాదు. అన్ని లవణములను సరిపాళ్ల కలిపిన ప్రత్యేకపు పొడిని సుమారు 20 కిలోలు కొనవలసివచ్చెను.

మంచినీటిమాట. మా బోరునీరు చవుడు. అందు ఎరువుల నత్రజనియు దిగియుండును. కనుక ఊరిలోని శుద్ధజలపు కేంద్రమునుండి ఇరువది లీటర్ల డబ్బాలు 28 తెప్పించితిమి. ఉప్పుపొడి కలిపి, నీటి సాంద్రతను గాజుకొలతతో చూడగా 1.025 వచ్చినది. ఊరగాయ ఉప్పునీటిలో గ్రుడ్డు తేలవలెనని పెద్దలు చూచెడి పరీక్షను అత్తగారు ఇక్కడను చేసిరి. గ్రుడ్డు మునిగెను. “ఉప్పు చాలలేదే!” యనిరి. సముద్రములోనైనను గ్రుడ్డు మునుగుననియు, ఊరగాయనీరు సముద్రముకంటె మిక్కిలి చిక్కనిదనియు ఆనాడు మాకందరకు తెలిసినది.

నీరు సిద్ధమైనను చేపలను వేయరాదు. చేపల మలమునుండి పుట్టు అమ్మోనియా వానికే విషము. దానిని ఒక జాతి సూక్ష్మజీవులు నైట్రైటుగను, వేరొక జాతి దానిని నైట్రేటుగను మార్చును. పొలములో మనము చల్లు యూరియా పైరునకు అందునట్లు చేయువియు ఇట్టి సూక్ష్మజీవులే. ఇవి తొట్టిలో పెరుగుటకు పాలకు తోడు పెట్టినట్లు కొంత తోడు కావలెను. తోడుతోపాటు వానికి మేతగా ఒక పచ్చిరొయ్యను నీటిలో వేసి కుళ్లనిచ్చితిమి. మొదటివారము గది వాసనపట్టెను. అమ్మాయి దినదినము పరీక్షనాళికలో రంగు చూచి గోడమీది కాలెండరుపై వ్రాయుచుండెను. అమ్మోనియా హెచ్చి తగ్గెను, నైట్రైటు హెచ్చి తగ్గెను. నలువది దినములకు రెండును సున్నయైనవి. నలువది దినములు ఖాళీనీటివంక చూచుచు కూర్చుండుట మా పిల్లకు ఎంత కష్టమయ్యెనో చెప్పలేను.

ఈలోపల అసలు చిక్కు వచ్చినది. పగడములు లేనిదే అది సముద్రమెట్లగునని అమ్మాయి పట్టుబట్టెను. దూరపు నగరమున ఒక వర్తకుడు ప్రాణమున్న పగడములను తడికాగితములలో చుట్టి పంపెదనని మావారితో ఫోనులో చెప్పెను. ఎవరికిని తెలియనక్కరలేదని కూడ అనెను. ఆ చివరిమాట నాకు నచ్చలేదు. విచారింపగా తెలిసినదేమన, దిబ్బలు కట్టు పగడములన్నిటిని 2001లో మన ప్రభుత్వము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టపు మొదటి పట్టికలో చేర్చినది. పులికి గల రక్షణయే వానికిని కలదు. సముద్రమునుండి తీయుట, అమ్ముట, కొనుట నేరము.

చట్టము అట్లుండుటకు కారణము కలదు. మన తీరమున కృష్ణాగోదావరులు తెచ్చు ఒండ్రుమట్టికిని మంచినీటికిని తాళలేక గొప్ప పగడపుదిబ్బలు పెరుగలేదు. మన దేశములో అవి యుండునది మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతము, కచ్ సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాను నికోబారు దీవులయందు. మన్నారులో పూర్వము పగడపుదిబ్బలను త్రవ్వి సున్నమునకై కాల్చిరి. గుండ్రని పగడములు కొన్ని యేడాదికి ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగును. పిడికిలియంత ముక్క మా బిడ్డ వయస్సుది కావచ్చును.

“ఇది నీయీడుదమ్మా, దీన్ని తల్లిదగ్గరనుంచి ఊడబెరికి తెప్పించమంటావా?” యంటిని. అమ్మాయి ఆనాడు అన్నము తినలేదు. మరునాడు తానే వచ్చి, “వద్దులే” యనెను. మెడలోని పగడముమాట కూడ అప్పుడే వచ్చెను. ఆ యెఱ్ఱపగడము మధ్యధరాసముద్రపులోతులలో పెరుగునది, దిబ్బలు కట్టు జాతి కాదు. అది నాకు అత్తగారిచ్చినది. దానిని తీసివేయలేదు గాని, క్రొత్తది కొనవలెనను కోరిక నాకు పోయినది.

కనుక మా దిబ్బ కృత్రిమముగా చేసిన బొరకలరాళ్లతో కట్టినది. నడుమ పిడుగురాళ్లనుండి తెచ్చిన సున్నపురాళ్లు రెండుమూడు నిలిపితిమి. పగడపుజీవి కట్టునదియు, పిడుగురాళ్ల బట్టీలలో కాల్చునదియు ఒకే పదార్థము. పగడములు పెంచు పరదేశీయులు నీటిలో సున్నమును నింపుటకు బొట్టుబొట్టుగా సున్నపుతేట పోయుదురని చదివి అత్తగారు మిక్కిలి సంతోషించిరి.

తరువాత చేపలు వచ్చినవి. నారింజరంగుపై తెల్లపట్టెలుగల జంట. ఈ జాతిచేపలను సముద్రమునుండి పట్టకుండ తొట్టెలలోనే పొదిగించు విద్యను మన కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధనసంస్థవారు సాధించిరి. మేము తెచ్చినవి అట్లు పెంచినవే. వీనిలో అన్నియు మగవిగనే పుట్టును. గుంపులో పెద్దది ఆడుదగును. అది చనిపోయిన, దాని తరువాతిది ఆడుదై ఇల్లు నడుపును. ఈ సంగతి వినినప్పటినుండి అత్తగారు పెద్దచేపను “పెద్దకోడలు” అని పిలుచుచున్నారు. వానితోపాటు ఎఱ్ఱచారల రొయ్యలు నాలుగు, శంఖములలో దాగు చిన్నపీతలు ఆరు, నత్తలు పది వేసితిమి.

నిత్యకృత్యము పెద్దది కాదు. చారు మరిగినకొలది ఉప్పెక్కునని మనకు తెలియును. ఇదియు నంతే. నీరు ఆవిరియగును గాని ఉప్పు ఆవిరి కాదు. కనుక తగ్గినంతమేర ఉప్పునీరు కాక మంచినీరు పోయవలెను. నేను ప్రతిసాయంకాలమును ఒక చెంబుతో కొలిచి పోయుచుంటిని.

అక్టోబరునెలలో ఒక ఉదయము లేచిచూచునప్పటికి రొయ్యలు నాలుగును ప్రక్కకు ఒరిగి కాళ్లు వణకించుచున్నవి. మధ్యాహ్నమునకు చనిపోయినవి. సాయంకాలమునకు పీతలును శంఖములనుండి జారిపడెను. చేపలు మాత్రము ఎప్పటివలె తిరుగుచున్నవి. నత్తలు గాజుపై ప్రాకుచున్నవి. పరీక్షలన్నియు చేసితిమి. అమ్మోనియా లేదు. ఉప్పు సరియే. వేడి సరియే. అమ్మాయి ఏడ్చుచు తమ్ముడికి ఫోను చేయించెను.

అతడు అంతయు విని, “చేప బ్రతికింది, నత్త బ్రతికింది, రొయ్యా పీతా పోయినాయి అంటున్నావు. అక్కా, మీ ఇంట్లో పురుగుమందు ఎక్కడ పెడతారు?” అని యడిగెను. నాకు అర్థము కాలేదు. అతడు చెప్పెను: పురుగునకు, రొయ్యకు, పీతకు దూరపుచుట్టరికము కలదు. మూడింటికిని కీళ్లకాళ్లు, పైపెంకు. పురుగును చంపుటకై చేసిన మందులలో కొన్ని చేపను తాకకుండ రొయ్యను చంపును. “మా కేంద్రంలోకి మందు కొట్టి వచ్చిన మనిషిని స్నానం చెయ్యందే రానివ్వము” అనెను.

అప్పుడు నాకు జ్ఞాపకమువచ్చినది. ముందటినాటి సాయంకాలము నా చెంబు కనబడక, నీళ్లతొట్టి గట్టుపై బోర్లించియున్న ఆకుపచ్చని ప్లాస్టిక్ మగ్గుతో నీరు పోసితిని. అది మావారు మిరపకు మందు కలుపుటకు వాడు మగ్గు. ఆయన దానిని మూడుసారులు కడిగియే బోర్లించిరి. కడిగిన మగ్గు కడిగినట్లే యున్నది. వాసన లేదు, రంగు లేదు.

నా గుండె జారినది రొయ్యలకొరకు కాదు. రెండుదినములక్రిందట కలుపుతీయుటకు వచ్చిన ఒక కూలితల్లి వెంట మూడేండ్ల బిడ్డ యుండెను. ఎండకు సొలసినదని నేనే ఆ బిడ్డకు మజ్జిగ ఇచ్చితిని. కుండలోనుండి ముంచి యిచ్చినది ఆ మగ్గుతోనే.

ఆ రాత్రియే మావారిని వెంటబెట్టుకొని వారి యింటికి పోయితిని. బిడ్డ అరుగుపై ఆడుకొనుచుండెను. నేను దగ్గరకు తీసికొని ఒళ్లంతయు తడిమి చూచితిని. తల్లి వింతపడి, “ఏమైందమ్మా?” యని యడిగెను. దాచవలెనని ఒక్కక్షణము తోచినది. కాని చెప్పితిని. ఆమె కొంతసేపు మాటాడక, “పొలంలో మేము ఆ డబ్బాలు కడిగి నీళ్లు తెచ్చుకుంటూనే ఉన్నామమ్మా” అనెను. ఆ మాటకు మావారు తలవంచుకొనిరి. తెల్లవారగనే బిడ్డను గుంటూరునకు తీసికొనిపోయి వైద్యునికి చూపించితిమి. దోషమేమియు లేదని చెప్పిరి.

తొట్టినీటిని మూడుమారులు మార్చితిమి. విషమును పీల్చు బొగ్గును వడపోతలో నుంచితిమి. నెలదినములు ఆగి రెండు రొయ్యలను వేయగా బ్రతికినవి. తప్పు ఆ మగ్గుదే యని అప్పటికి నిశ్చయమైనది. మావారు పొలముగట్టున ఇటుకలతో చిన్నకొట్టు కట్టి, మందుడబ్బాలు, కొలతపాత్రలు, పిచికారీ అన్నియు అందుంచి తాళము వేసిరి. పనివారికి నీళ్లు తెచ్చుకొనుటకు స్టీలుబిందెలు రెండు కొంటిమి. ఖాళీడబ్బాలకు చిల్లులు పొడిచి, మరల ఎవరును వాడకుండ చేయుచున్నాము. ఇంటిలో పురుగుమందుండుటవలన మన జిల్లాలలో ఎన్ని కుటుంబములకు ఎట్టి దుఃఖములు కలిగెనో మీరెరుగనిది కాదు. తాళముచెవి నా మొలనే యుండును.

2023 వేసవిలో ఒక మధ్యాహ్నము మూడుగంటలు కరెంటు పోయెను. బయట నిప్పులు చెరుగుచున్నది. తొట్టిలో వేడి 26 డిగ్రీలనుండి 30 దాటుచుండగా, సీసాలలో గడ్డకట్టించిన నీటిని తేలవేసి, అత్తగారు, నేను, అమ్మాయి వంతులుగా విసనకఱ్ఱలతో నీటిపై విసరితిమి. ఆ జంట బ్రతికినది. మరుసటి యేడు, 2024 ఏప్రిలులో, ప్రపంచపు సముద్రములలో పగడములు వేడికి తెల్లబారుట ఇది నాల్గవసారి యని శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. పగడపుజీవి దేహములో అతిసూక్ష్మమైన పాచిమొక్కలు కాపురముండి దానికి ఆహారము నిచ్చును. నీరు కొలదిగ వేడెక్కినను ఆ కాపురము చెడి పగడము తెల్లబోవును. అమ్మాయి ఆ వార్త చదివి, “మన తొట్టికి మనం ముగ్గురం విసరాము. అంత సముద్రానికి ఎవరు విసురుతారమ్మా?” యని యడిగెను. సూర్యలంకలో నడిగిన ప్రశ్నకు నవ్వితిని గాని దీనికి నవ్వలేకపోయితిని.

తొట్టి చూడవచ్చినవారు, “పగడాలు లేవేమి?” యని యడుగుచుందురు. లేవని చెప్పుదును. రాళ్లపై ఇప్పుడిప్పుడే గులాబిరంగుపాచి పెంకువలె పట్టుచున్నది. నత్తలవెంట వచ్చినదట. సాయంకాలములయందు అత్తగారు మామగారి కుర్చీలో కూర్చుండి పెద్దకోడలి వ్యవహారములను చూచుచుందురు. కలుపుతీయ వచ్చు ఆ తల్లి తన బిడ్డను తెచ్చి చూపును. ఆ బిడ్డ గాజునకు ముక్కు ఆనించి రొయ్యలను లెక్కపెట్టును. ఇప్పుడు అయిదున్నవి.

సోదరీమణులారా! మీయిండ్లలో గాజుతొట్టి యుండకపోవచ్చును. నీళ్లతొట్టి గట్టుపై బోర్లించిన మగ్గు మాత్రము ప్రతియింటను ఉండును. అది ఏ పనికి వాడినదో ఈ సాయంకాలమే ఒకమారు విచారించుడు.